మిగులు కట్టె

హైదరాబాదు,
12-12-2004

అక్కకు,

పిన్ని మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అమ్మ పోయాక మనిద్దర్నీ సాకింది గానీ తన ఒంటిని మాత్రం పట్టించుకోదు. చిలకలూరిపేట తీసుకెళ్ళి చూపించు. క్రిస్మస్‌కి నేను రాలేను. ఈసారి సాకు కాదు, నిజంగానే పని ఉంది.

ఆ పని గురించే ఈ ఉత్తరం. భూమి వేడెక్కుతోందని నువ్వు ఐదో తరగతి పిల్లలకు చెప్తుంటావు కదా. దాని మీద దేశాలన్నీ క్యోటోలో కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాయి. వచ్చే ఫిబ్రవరి నుంచి అమలు. ధనిక దేశాలు తమ పొగ తగ్గించుకోవాలి. పూర్తిగా తగ్గించలేని వాళ్ళు మనలాంటి దేశాల్లో పొగ తగ్గించే పనులకు సాయం చేసి, ఆ తగ్గింపును తమ లెక్కలో చూపించుకోవచ్చు. అలాంటి పనులకు దరఖాస్తు పత్రాలు తయారుచేయడమే మా కన్సల్టెన్సీ ఉద్యోగం.

మన ఊరికి ఆరు కిలోమీటర్లలో ఒక కరెంటు ప్లాంటు లేస్తోంది, చూసే ఉంటావు. బొగ్గుకు బదులు పత్తికట్టె, మిరపకట్టె కాలుస్తారు. దాని పత్రం నా చేతికొచ్చింది. ఆ కట్టె మిగులని, ఎవరికీ అక్కరకు రాక చేలలోనే తగలబెడుతున్నారని రుజువు కావాలి. ఊళ్ళో ఓ నలభై మంది రైతుల్ని అడిగి రాయగలవా? ప్రశ్న ఒక్కటే: పంట అయిపోయాక కట్టె ఏం చేస్తారు?

టీచరుగారు అడిగితే కాదనేవాళ్ళు లేరు. మన బొల్లవరపాడు పేరు జర్మనీలో ఈ పత్రాలు చూసే ఆఫీసువాళ్ళు చదువుతారక్కా!

నీ తమ్ముడు
ఫిలిప్

*

బొల్లవరపాడు,
9-1-2005

ప్రియమైన తమ్ముడికి,

నలభై కాదు, నలభై రెండు మందిని అడిగాను. కాగితాలు ఇందులో పెట్టాను. సాయంత్రం బడి వదలగానే మన పల్లె దాటి, రైతులుండే ఊళ్ళోకి వెళ్ళి అరుగు అరుగునా కూర్చున్నాను. యలమందయ్య గారు కుర్చీ వేయించారు. మన నాన్న ఆయన దగ్గర జీతం ఉన్న రోజుల్లో ఆ అరుగు కింద నిలబడ్డవాళ్ళం మనం. సంతోషంగానే అనిపించింది, నీతో చెప్పడానికేం.

ముప్ఫై ఆరుగురు తగలేస్తామన్నారు. "దున్నకానికి అడ్డం గదమ్మా, అగ్గిపుల్ల గీస్తే ఒక్క పూటలో పోద్ది" అన్నారు యలమందయ్య గారు. మిగిలినవాళ్ళు కంచెకు వేస్తామనో ఎవరికైనా ఇస్తామనో చెప్పారు.

ఇంటికొచ్చి లెక్క వేసుకుంటుంటే పిన్ని వచ్చి, "మన పల్లెలో ఎవర్నీ అడగవా?" అంది. "నీకు పొలం ఎక్కడుంది పిన్నీ, కట్టె ఏం చేస్తావని అడగడానికి?" అన్నాను. నవ్వుకున్నాం.

మోకాళ్ళకు నూనె రాస్తున్నాను. డాక్టరు మాటెత్తితే వినడం లేదు.

అక్క
దేవకుమారి

*

బొల్లవరపాడు,
17-4-2005

తమ్ముడూ,

ప్లాంటు పొగగొట్టం నుంచి పొగ వస్తోంది. తెల్లగా, పల్చగా, నువ్వు చెప్పినట్టే. ఆ సంగతి బాగుంది. బాగోలేనిదీ రాయాలి.

పత్తితీతలు అయిపోయాయి. ఎప్పటిలాగే మన ఆడవాళ్ళు కట్టె పీకడానికి చేలల్లోకి వెళ్ళారు. ప్లాంటు తరఫున కట్టె కొనే బుల్లయ్య గట్టు మీదే నిలబడి ఉన్నాడు. పీకినదానికి కూలి ఇస్తాం, కట్టె మాత్రం ట్రాక్టరు ఎక్కాలన్నాడు. పిన్ని ఎప్పటిలా ఓ మోపు కట్టి నెత్తికెత్తుకుంటే, అతని మనిషి వచ్చి దింపించాడు. దింపించడం కాదు, లాక్కున్నాడు.

నీకు గుర్తుండే ఉంటుంది. ఎండాకాలంలో మన దొడ్లో కట్టె వామి చూరుకి తగిలేది. ఆ వామితోనే వానాకాలం దాటేవాళ్ళం. ఈ ఏడు పల్లెలో నూట పద్దెనిమిది ఇళ్ళలో ఒక్క దొడ్లోనూ వామి లేదు. గ్యాసు ఉన్నవి నాలుగిళ్ళు, అందులో మనది ఒకటి. మిగతావాళ్ళు కాలవకట్ట మీద సర్కారు తుమ్మ నరుక్కొస్తున్నారు. పొద్దున పోతే మధ్యాహ్నానికి వస్తారు.

నువ్వు రాసే పత్రంలో ఈ సంగతి ఎక్కడైనా ఉందా? ఉంటే ఏమని ఉంది?

అక్క

*

హైదరాబాదు,
2-5-2005

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుల్లయ్య మనుషుల మోటుతనం గురించి ప్లాంటు మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను. మొదటి ఏడాది ఇలాంటి ఇబ్బందులు ఉంటాయి, సర్దుకుంటాయి.

నువ్వు కంగారుపడకు. ఈ ఒప్పందంలో ఎవరి నోరూ నొక్కరు. జూన్‌లో ఊరివాళ్ళతో మీటింగు పెడతారు. పల్లెవాళ్ళని తీసుకెళ్ళి చెప్పించు. ఆ తర్వాత పత్రాన్ని ముప్ఫై రోజులు ఇంటర్నెట్‌లో పెడతారు. ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు, అభ్యంతరం ఉంటే రాయొచ్చు. దానికి మేం జవాబు చెప్పి తీరాలి.

ఒక్క మాట ఆలోచించు. ఈ ప్లాంటు నడిస్తే ఏటా వేల టన్నుల బొగ్గు మిగులుతుంది. ఇది చిన్న విషయం కాదు.

ఫిలిప్

*

బొల్లవరపాడు,
26-6-2005

ఫిలిప్‌కి,

మీటింగు ఎనిమిదో తేదీన అయింది. నీటి సంఘం బిల్డింగులో షామియానా వేసి, కూల్‌డ్రింకులు ఇచ్చారు. నువ్వు వస్తావేమోనని పిన్ని వాకిట్లోకి చూస్తూనే ఉంది. ఊరివాళ్ళు మాట్లాడాక పిన్ని లేచింది. మైకు ఇవ్వలేదు. అయినా దాని గొంతు నీకు తెలుసుగా. "మా పొయ్యి సంగతేంది?" అని అడిగింది. మేనేజరు నవ్వి, "రాసుకుంటామమ్మా" అన్నాడు. పోయేటప్పుడు అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకున్నారు.

పద్దెనిమిదిన తుమ్మ కొడుతుంటే కొమ్మ ఎగిరొచ్చి ముల్లు పిన్ని కుడికంట్లో దిగింది. పల్లెలో పసరు పోశారు. నేను బడి నుంచి వచ్చేసరికే కన్ను వాచిపోయింది. మర్నాడు గుంటూరు తీసుకెళ్ళాను. అయిదు రోజులున్నాం.

కన్ను పోయింది తమ్ముడూ.

మా ఇంట్లో గ్యాసుంది, వచ్చి ఉండమని ఎన్నిసార్లు చెప్పానో. "నా పొయ్యి నాకుంది" అంటుంది. ఇప్పుడు కూడా అదే మాట.

దేవకుమారి

*

హైదరాబాదు,
4-7-2005

అక్కా,

ఫోన్ చేద్దామని మూడుసార్లు పోస్టాఫీసు నంబరు తిప్పి పెట్టేశాను. రెండో కన్ను జాగ్రత్తగా చూపించు. సెలవు దొరకగానే వస్తాను.

ఫిలిప్

*

బొల్లవరపాడు,
21-8-2005

ఫిలిప్‌కి,

నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో నిన్న తెలిసింది.

ముప్ఫై రోజులు ఎవరైనా చదవొచ్చని రాశావు కదా. చిలకలూరిపేటలో సుభానీ అని నా దగ్గర చదువుకున్నవాడే నెట్ సెంటరు పెట్టాడు. వాడి పక్కన కూర్చుని వెతికించాను. దొరికింది. యాభై ఏడు పేజీలు. తెలియని ఇంగ్లీషు మాటలకు డిక్షనరీ పెట్టుకుని రెండు రోజులు చదివాను.

పత్తికట్టె, మిరపకట్టె ఈ ప్రాంతంలో పూర్తిగా మిగులు అని ఉంది. దానికి ఆధారం: "స్థానిక ఉపాధ్యాయురాలు జరిపిన సర్వే." ఆ ఉపాధ్యాయురాలిని నేను. మీటింగు గురించి ఒక్క పేరా: హాజరైన వారంతా ప్రాజెక్టును స్వాగతించారు, అభ్యంతరాలేవీ రాలేదు. కింద సంతకాలు. పదమూడోది పిన్ని వేలిముద్ర. చివరి పేజీలో, తయారుచేసినవారు అన్నచోట, నీ పేరు.

ఆ పేరా నువ్వే రాశావా తమ్ముడూ? మేనేజరు పంపింది పంపినట్టు పెట్టావా? ఏది నిజమైనా నాకు ఒకేలా ఉంది.

నేను అభ్యంతరం రాసి పంపాను. నా పేరుతో, నా ఊరి పేరుతో. జరిగింది జరిగినట్టు రాశాను. నీ అక్కనని మాత్రం రాయలేదు. ఈ సంగతి ఇంకొకరి నోట నీకు తెలియకూడదని ఈ ఉత్తరం.

దేవకుమారి

*

హైదరాబాదు,
29-8-2005

అక్కా,

నీ ఉత్తరం కంటే ముందు నీ అభ్యంతరమే నా బల్ల మీదికి వచ్చింది. మా బాసు దాన్ని నాకే ఇచ్చి, "మీ ఏరియానే కదా, ఎవరో టీచరట, రెండు లైన్లలో జవాబు రాసెయ్" అన్నాడు. నా చేత నా అక్కకు జవాబు రాయిస్తున్నారు! పోస్టులో నాకు రాస్తే సరిపోయేది కాదా? ఈ ఉద్యోగం కోసం నేనెన్ని మెట్లు ఎక్కానో నీకు తెలియదా? మన పల్లె నుంచి ఇంజినీరు అయినవాణ్ణి నేనొక్కణ్ణే అని అందరికీ చెప్పుకునేదానివి నువ్వే కదా?

అవును, ఆ పేరా మేనేజరు పంపాడు. నేను పెట్టాను. అది అబద్ధమని నాకు తెలుసు, నీ ఉత్తరం అప్పటికే నా దగ్గరుంది. ఒక ఊళ్ళో వంటకట్టె కోసం ఇంత పెద్ద పని ఆగడం న్యాయమా అని నాకు నేను చెప్పుకున్నాను.

నీ అభ్యంతరం నిలవదు. ఏడుపు రాస్తే లాభం లేదు. అంకెలు కావాలి. ఇంటికి రోజుకు ఎన్ని కిలోలు, ఏడాదిలో ఎన్ని నెలలు, ఎన్ని ఇళ్ళు, కట్టె లేకపోతే ఏం కాలుస్తున్నారు, అది ఎక్కడి నుంచి వస్తోంది. ఇవేవీ లేకుండా "మా పొయ్యి సంగతేంది" అంటే "సాధారణ వ్యాఖ్య, గమనించాం" అని రాస్తారు. నేనే రాస్తాను. ఆ జవాబు అక్టోబరు పదిలోపు పంపాలి.

ఫిలిప్

*

బొల్లవరపాడు,
2-10-2005

తమ్ముడూ,

నువ్వు కోపంలో రాశావో కావాలనే రాశావో గానీ, ఏం కావాలో అన్నీ రాశావు. అందుకని చేశాను.

నూట పద్దెనిమిది ఇళ్ళూ తిరిగాను. పాత ఇనపసామాను కొట్టు నుంచి స్ప్రింగు కాటా తెచ్చి, ముప్ఫై ఇళ్ళలో వారం రోజులు పొద్దునా సాయంత్రం పొయ్యిలోకి పోయేది తూచాను. ఇంటికి రోజుకు సగటున అయిదున్నర కిలోలు. ఏటా ఏడు నెలలు పత్తికట్టె, మిరపకట్టె. ఈ ఏడు అది లేదు కాబట్టి నూట రెండిళ్ళలో పచ్చి తుమ్మ, పన్నెండిళ్ళలో కిరసనాయిలు. పక్కనున్న మూడు పల్లెల్లోనూ అడిగాను, అక్కడా ఇదే వరస. కాగితాలన్నీ పెట్టాను.

మళ్ళీ ఊళ్ళోకీ వెళ్ళాను. "యలమందయ్య గారూ, తగలేస్తామన్నారు కదా" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "పల్లెవాళ్ళు ఎత్తుకుపోగా మిగిలింది తగలేస్తామమ్మా. ఏం చేస్తారని అడిగావు గానీ ఎంత తగలేస్తారని అడగలేదుగా నువ్వు!"

అవును, అడగలేదు. నువ్వు అడగమన్న ఒక్క ప్రశ్నే అడిగాను. అరుగు మీద కుర్చీ వేసేసరికి మన ఇంటి పొయ్యి నాకు గుర్తు రాలేదు. పిన్ని అడిగితే నవ్వాను. అందుకే నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆ పత్రంలో అబద్ధం మొదలైంది నా కాగితం దగ్గరే.

ఆ ప్లాంటు ఆగిపోవాలని నేను కోరుకోవడం లేదు. బొగ్గు తగ్గాలి, పొగ తగ్గాలి. నిజంగా మిగిలింది ఎంతో అంతే కాల్చుకోమని చెప్తున్నాను. దేశాలు దేశాలే కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈ చిన్న లెక్క వాళ్ళకు బరువేమీ కాదు.

ఈ కాగితాలు నువ్వు పత్రంలో పెడతావో పక్కన పెడతావో నేను అడగను.

అక్క

*

హైదరాబాదు,
30-11-2005

అక్కా,

నీ కాగితాలు నీ అభ్యంతరంతో కలిపి, మా పత్రాల్లో నిజానిజాలు తేల్చే తనిఖీ సంస్థకు పంపాను. ఆ స్థానిక ఉపాధ్యాయురాలు నా సొంత అక్క అని కూడా రాశాను. మా బాసు ఏమన్నాడో రాయను.

ఈ నెల తొమ్మిదిన తనిఖీకి వాళ్ళు వచ్చినప్పుడు నువ్వు బడిలో ఉన్నావు, సెలవివ్వలేదన్నావు. అక్కడ జరిగింది నీకు పల్లెలో ఎవరైనా చెప్పే ఉంటారు. అయితే వాళ్ళకు ఇంగ్లీషు రాదు కాబట్టి సగమే తెలిసుంటుంది. మిగతా సగం నేను చెప్పాలి.

చెన్నై నుంచి ఒకావిడ, ఆవిడతో నార్వే నుంచి ఒకాయన వచ్చారు. ఇద్దరికీ తెలుగు రాదు. ప్లాంటువాళ్ళు నన్నే తర్జుమా చేయమన్నారు. మేనేజరు నా పక్కనే నిలబడ్డాడు. ప్లాంటు చూశాక, "పున్నమ్మ అనే ఆవిడ ఇల్లు ఎక్కడ?" అని ఆవిడే అడిగింది. నీ అభ్యంతరంలో నీది కాక ఉన్న పేరు పిన్నిదొక్కటే.

పిన్ని పొయ్యి ముందు కూర్చుని ఉంది. కన్ను పోయాక నేను దాన్ని చూడటం అదే మొదటిసారి. కట్టె గురించి ఆవిడ అడిగింది. పిన్ని చెప్పింది: "మొండికట్టె పీకేది మేము. చేతులు బొబ్బలెక్కేది మాకు. పీకినందుకు కట్టె మాది. మా అమ్మ నాటినుంచీ అంతే. వానొస్తే పొయ్యిలోకి అదే, చలొస్తే నీళ్ళ కాగు కిందకీ అదే. అది కాస్తా ట్రాక్టరెక్కింది. తుమ్మకు పోతే కన్ను పోయింది. ఈ కన్ను నేనెవర్నీ అడగను. ఉన్న కన్ను కాపాడుకోవాల గదా అయ్యా?"

నేను ఇంగ్లీషులో చెప్పింది: ఇక్కడ కొందరు అప్పుడప్పుడు ఈ కట్టెను వంటకు వాడతారు.

అంతే చెప్పాను అక్కా. పక్కన మేనేజరున్నాడు, అలవాటైన వాక్యం నోటికొచ్చేసింది. ఆవిడ రాసుకుంది.

పిన్ని నా వంకే చూస్తోంది. "ఏరా, నేనంత పొడుగు చెబితే ఇంగిలీషులో ఇంతేనా వచ్చింది?" అంది.

అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. నేను పిన్ని పక్కన కింద కూర్చున్నాను. "మళ్ళీ చెప్పు పిన్నీ, ఒక్కో మాట చెప్పు" అన్నాను. అది ఒక్కో మాటా చెప్పింది, నేను ఒక్కో మాటా చెప్పాను. కన్ను దగ్గరికొచ్చేసరికి ఏడ్చేశాను. ఆ నార్వే ఆయన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. చెన్నై ఆవిడ తను మొదట రాసుకున్న వాక్యాన్ని కొట్టేసి, కాగితం నిండా రాసింది. మీటింగులో ఈ మాట చెప్పలేదా అని అడిగింది. పిన్ని చెప్పింది, మేమే రాయలేదన్నాను. మేనేజరు నవ్వడం మానేశాడు.

పత్రం వెనక్కి వచ్చింది. మిగులు ఎంతో మళ్ళీ లెక్కకట్టి, పల్లెల వాడకం తీసేశాకే ముందుకు పోవాలన్నారు. ప్లాంటు వాళ్ళు గొణుక్కున్నా ఒప్పుకున్నారు, వేరే దారి లేదు. మన చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో పీకినవాళ్ళకే కట్టె వదిలేస్తామని రాసిచ్చారు. లోటుకు వరిపొట్టు, చెరువుల్లో తుమ్మ కొంటారట.

నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు. ఉద్యోగం ఉంటుందో లేదో పై నెలలో తెలుస్తుంది. ఎందుకో భయం వేయడం లేదు.

తమ్ముడు
ఫిలిప్

*

బొల్లవరపాడు,
11-12-2005

తమ్ముడూ,

పిన్ని ఆ రోజు జరిగింది ఇప్పటికి నలభై మందికి చెప్పి ఉంటుంది. కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారికి కూడా చెప్పింది. నువ్వు ఏడ్చిన సంగతి ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. నీ ఉత్తరంతోనే తెలిసింది.

ఒక్క సంగతి నన్ను తొలుస్తోంది. మన నాలుగు పల్లెలకు కట్టె వదిలేస్తే ప్లాంటు ఊరుకుంటుందా? నిన్న చూస్తే బుల్లయ్య ట్రాక్టర్లు ప్రకాశం జిల్లా వైపు పోతున్నాయి. మార్టూరు అవతల పల్లెల్లో కాటా పట్టుకుని తిరిగే టీచరు ఎవరున్నారు? నేను అంత దూరం పోలేను, బడి ఉంది.

క్రిస్మస్‌కి రా. ఉద్యోగం ఉన్నా సరే, ఊడినా సరే.

అక్క

*

జొన్నలగుంట, మార్టూరు దగ్గర,
19-2-2006

అక్కా,

ఉద్యోగం ఉంది, కుర్చీ పోయింది. బల్ల ముందు పని తీసేసి సర్వేలకు తిప్పుతున్నారు. బాసుకది శిక్ష. ప్రకాశం జిల్లా వైపు లెక్క తీసేవాళ్ళు కావాలంటే నేనే పోతానన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

ఈ ఏడు కట్టె పిన్ని దొడ్లోకి చేరిందని నువ్వు రాసిన కార్డు అందింది.

ఇక్కడ చర్చి వరండాలో కూర్చుని రాస్తున్నాను. మూడు రోజుల కిందట ఊళ్ళోకి వెళ్ళకుండా నేరుగా పల్లెకే వచ్చాను. జక్రయ్య గారని పెద్దాయన ఇంటింటికీ తీసుకెళ్ళాడు. నూట ముప్ఫై ఇళ్ళకు డెబ్భై అయ్యాయి, ఇంకో మూడు రోజులు పడుతుంది. ఇక్కడి లెక్క మన పల్లె కంటే ఎక్కువే వచ్చేలా ఉంది. అదే నిజమైతే ప్లాంటు అడిగినంత కట్టె ఈ వైపు కూడా దొరకదు. ఆ మాట పైకి రాయాలి. రాస్తే ఏమవుతుందో చూద్దాం.

ఇందాక ఒక ఇంట్లో జెస్సీ అనే అమ్మాయి, చంకలో పిల్ల, అన్నీ చెప్పి నేను లేవబోతుంటే, "రాసుకుంది చదివిపో సారూ" అంది. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా ఆ మాట నన్నెవరూ అడగలేదు. చదివాను. పిల్లను రెండో చంకకి మార్చుకుని మొదటి నుంచి చివరి దాకా వింది.

"ముసురు రోజులు కలపలేదు నువ్వు. తడికట్టె అయితే రెండింతలు పడుద్ది" అంది. కలిపాను. "బాలింత ఉన్న ఇంట్లో వేణ్ణీళ్ళకు వేరే పొయ్యి." అదీ కలిపాను. పక్కింటామె గోడ మీంచి, "చావింట్లో సంగతి రాయించవే" అని కేకేసింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాకిట్లో నిలబడి చెప్తూనే ఉన్నారు.

మా ఫారంలో వంటకట్టెకు ఇచ్చింది ఒక్క గీత అక్కా. అది ఎప్పుడో నిండిపోయింది. కాగితం వెనక్కి తిప్పి రాస్తున్నాను.

నీ తమ్ముడు
ఫిలిప్